ఈస్ట్రోజెన్ రిసెప్టర్ గారికి ఓ విన్నపం

మహారాజశ్రీ ఈస్ట్రోజెన్ రిసెప్టర్ గారికి,

నల్గొండ నుంచి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆనవాయితీ. తమరు కుశలంగా ఉంటే మా మేనత్త ఉండదు కాబట్టి ఆ ముక్క వదిలేస్తున్నాను.

అత్తమ్మకు రొమ్ము క్యాన్సరని తెలిసిన దగ్గర్నుంచి చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లూ ఓ సంచెడు బత్తాయిలతో పాటు ఓ ముద్దాయిని కూడా తెచ్చారు. ఒకరు పాకెట్ పాలన్నారు, ఒకరు ఫారంకోడి అన్నారు, ఇంకొకరు దిష్టి అన్నారు. మా జిల్లాలో ఏ జబ్బొచ్చినా ఫ్లోరైడ్ మీద ఎలాగూ కేసు ఉంటుంది. కణంలో కూర్చుని ఈస్ట్రోజెన్ హార్మోను మాట వినే ప్రొటీనైన తమరి పేరు మాత్రం ఎవరూ ఎత్తలేదు. ప్రపంచం మొత్తం మీద రొమ్ము క్యాన్సర్లలో నూటికి 70 దాకా తమరి చెయ్యి ఉంటుందట. మా ఇంట్లో ఆ సంగతి రిపోర్టులో ఓ మూల 'ఈఆర్ పాజిటివ్' (ఈఆర్ అంటే తమరే) అన్న ముక్కగా పడి ఉంది.

తమరి పనితీరు చదువుతుంటే తహసీల్ ఆఫీసు దగ్గర తిరిగే పైరవీకార్లు గుర్తొచ్చారు. సొంతంగా సంతకం పెట్టే అధికారం లేదు. ఈస్ట్రోజెన్ అమ్మగారు వచ్చి చెయ్యి కలిపితే చాలు, మీలాంటివారినే ఇంకొకర్ని జత చేసుకుని డీఎన్‌ఏ రికార్డు గదిలో దూరుతారు. తాళాలు ఫాక్సా1 అనే ప్రొటీన్ ముందే తీసిపెట్టి ఉంటుంది. కోయాక్టివేటర్లనే గుమాస్తాలను పోగేసి, కణాన్ని విభజించమనే సైక్లిన్ డి1 లాంటి జీన్ల ఫైళ్లు కదిలిస్తారు. మా పట్టాదారు పాసుపుస్తకం ఫైలుకు ఇంత స్పీడు ఎన్నడూ చూడలేదు! ఈడొచ్చినప్పుడు ఇదే పని పద్ధతిగా చేసినవారే, కాదనను.

అత్తమ్మకు ముట్లుడిగి ఏళ్లయింది. అయినా ఒంట్లోని కొవ్వులో అరోమటేజ్ అనే ఎంజైము ఈస్ట్రోజెన్ తయారుచేసి తమరికి అందిస్తూనే ఉందట. దాని నోరు కట్టడానికే ఫ్రిజ్ మీద లెట్రోజోల్ షీటు, రోజుకో గోలి. ఆ గోలీలకు కీళ్లు పట్టేసి అత్తమ్మ గోడ పట్టుకుని లేస్తుంటే, వాడకట్టోళ్లు మళ్లీ ఫ్లోరైడే అన్నారు.

ఒక్కోచోట కొన్నేళ్లకు తమరి సొంత జీన్ ఈఎస్ఆర్1లోనే మార్పు వచ్చి, అమ్మగారు రాకున్నా ఫైళ్లు నడిపిస్తారని విన్నాను. సారు లేకుండానే సారు ముద్ర కొట్టేవాళ్లు మాకు కొత్త కాదు. అలాంటి ఆలోచన ఉంటే ముందే చెబుతున్నా, తమరినే ముక్కలు చేయించే ఫుల్వెస్ట్రాంట్ అనే సూది ఉంది. పిరుదులకు వేస్తారు. అత్తమ్మకు సూదులంటే భయం లేదు.

ఇట్లు,
అత్తమ్మ మేనకోడలు