పైన అద్దం బిగించాక అది మండువా కాదు

గత నెలలో మా తోడల్లుడితో కలిసి హైదరాబాదు శివారులో ఒక విల్లా చూడడానికి వెళ్లాను. సేల్స్ కుర్రవాడు "మన పాత మండువా లోగిలి కాన్సెప్టు సార్" అంటూ ఇంటి నడుమకు తీసుకువెళ్లాడు. తలెత్తి చూస్తే ఆకాశం కనబడింది గానీ, మధ్యలో దళసరి అద్దం అడ్డుగా ఉంది. దాని కింద కుండీలో ఒక అరెకా మొక్క, గోడకు రెండు టన్నుల ఏసీ. పదకొండు గంటలకే అక్కడ నిలబడలేకపోయాము.

మండువా అంటే ఇంటి నడుమ ఆకాశానికి తెరిచి ఉంచిన ముంగిలి. అది ఇంటిని చల్లబరిచేది పైన అడ్డు లేకపోవడం వల్లనే. పగలు వేడిని పీల్చుకున్న గచ్చు, పెంకులు రాత్రివేళ దానిని ఆకాశంలోకి వదిలేస్తాయి. అలా చల్లబడిన గాలి బరువెక్కి మండువాలోకి దిగి, తెరిచిన తలుపుల గుండా గదుల్లోకి చేరుతుంది. పొద్దెక్కాక వేడిగాలి పైకి లేచిపోతుంటే, ఆ ఖాళీలోకి వసారాల నీడన ఉన్న గాలి వస్తుంది. అద్దం ఎండను రానిస్తుంది, వేడెక్కిన నేల వదిలే సెగను మాత్రం పోనివ్వదు.

కోనసీమలోని మా తాతగారి ఇంట్లో నాలుగు వైపుల వాలు పెంకుల మీది వాన నీరు మండువాలో పడి, తూము గుండా పెరట్లోని అరటి చెట్లకు పోయేది. తీరప్రాంతపు ఉక్కలో రాత్రి చల్లదనం అంతగా అక్కరకు రాదు కనుక, వీధి గుమ్మం, మండువా, పెరటి గుమ్మం ఒకే వరుసలో పెట్టి గాలికి దారి ఇచ్చారు. ఎండ మూడో స్తంభం మొదటికి రాగానే మా మామ్మ కాఫీకి లేచేది. పగలు దీపం వెలిగించిన గుర్తు లేదు. తరువాత పెదనాన్న వాన జల్లుకూ దొంగలకూ భయపడి పైన ఫైబర్ షీటు వేయించారు. మరుసటి వేసవికి ఆ ఇంట్లోకి రెండు ఏసీలు వచ్చాయి, మధ్యాహ్నం కూడా ట్యూబులైటు వెలుగుతోంది.

దోమలు, దొంగలు, కోతులు నిజమైన ఇబ్బందులే, కానీ వాటికి ఇనుప కమ్మీలు, జాలీ సరిపోతాయి. వెడల్పు ఎక్కువై చుట్టూ గోడలు పొట్టిగా ఉన్నా మండువా ఎండ పళ్లెమే అవుతుంది. మండువా ఉంటే ఏసీయే అక్కర్లేదని కూడా నేను అనను. 2004లో హైదరాబాదులో ప్రారంభమైన, పరిశ్రమల సమాఖ్య సీఐఐ వారి గ్రీన్ బిజినెస్ సెంటర్‌ను గుండ్రని నడిమి ముంగిలి చుట్టూ, చిల్లుల జాలీ గోడలతో కట్టారు. అక్కడా ఏసీ ఉంది, కాకపోతే భారమంతా దాని మీదనే మోపలేదు.

నాకు అసలు బాధ సెట్‌బ్యాక్ నిబంధనలతో. మరీ చిన్నవి మినహా, చిన్న ప్లాటులో కూడా ఖాళీ స్థలాన్ని చాలావరకు ఇంటి చుట్టూ అంచుల్లోనే వదలాలి. గజం వెడల్పు సందుల్లో మోటారు, గ్యాసు సిలిండర్లు, పక్కింటి కిటికీలోకి సెగ ఊదే ఏసీ డబ్బాలు తప్ప ఏముంటాయి? అందులో కొంత భాగాన్ని నడుమకు చేర్చుకోనిస్తే ప్రతి గదికీ గాలి, వెలుతురు అందుతాయి.

అద్దం తీసేసి జాలీ వేయించుకోవచ్చా అని ఆ కుర్రవాడిని అడిగాను. ఎలివేషన్ పాడవుతుందని, ఒప్పందం ప్రకారం వీల్లేదని చెప్పాడు. మా తోడల్లుడు మాత్రం ఆ రెండు టన్నుల ఏసీ ధరలో కలిసే ఉంటుందా అని అడిగాడు.