గీతోపదేశం

ఇవాళ పొద్దున లీనియర్ ఆల్జీబ్రా పరీక్ష రాసి వచ్చాను. డిగ్రీ ఐదో సెమిస్టర్. ఎట్లా రాశావని ఇంట్లో అడిగితే తలనొప్పి అని పడుకున్నాను. చెప్పాలంటే జిరాక్స్ షాపు దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

నిన్న మధ్యాహ్నం నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర సీనియర్ నోట్స్ జిరాక్స్ తీయించాను. షాపాయన ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, ఎవరితోనో ప్లాటు బేరమాడుతూ పేజీలు తిప్పాడు. రామగిరిలో రూముకొచ్చి వెక్టర్ స్పేసు, బేసిస్, ర్యాంకు అన్నీ తొమ్మిదిలోపే చూసేశాను. చూడటమంటే చూడటమే.

పదింటికి ఐగెన్ విలువల దగ్గరికొచ్చాను. అంటే మాత్రిక నుంచి లెక్కకట్టి తీసే ప్రత్యేక సంఖ్యలు, వాటికి గుర్తు లాంబ్డా. బుజ్జి మాత్రిక. పై వరుసలో 2, మైనస్ 1. కింది వరుసలో 1, 2. జవాబు 1, 3 అని సీనియర్ రాసి పెట్టాడు. నాకు మాత్రం లాంబ్డా స్క్వేర్ మైనస్ 4 లాంబ్డా ప్లస్ 5 వచ్చింది. 16లోంచి 20 పోతే మైనస్ 4, దానికి వర్గమూలం. ఐగెన్ విలువలు 2 ప్లస్ ఐ, 2 మైనస్ ఐ! ఐ అంటే మైనస్ 1కి వర్గమూలం, వాస్తవ సంఖ్య కాదు; అది కలిస్తే కాంప్లెక్స్ అంటారు.

నాలుగుసార్లు చేశాను. నాలుగుసార్లూ అదే ఐ. సరి చూసుకోవడం కూడా వచ్చు నాకు, అదే కొంప ముంచింది. వికర్ణం మీది సంఖ్యలు కూడితే 4. నా విలువలు కూడినా 4. నిర్ధారకం 5, నా విలువల లబ్ధం కూడా 5. అణువంత తేడా లేదు. సెమిస్టర్ మొత్తంలో నాకు ఒక లెక్క ఇంత శుభ్రంగా కుదరడం అదే మొదటిసారి. దేవరకొండ నుంచి వచ్చిన మా రూమ్మేట్‌ను లేపి చూపిస్తే, "సీనియర్ తప్పు చేసిండంటవా?" అని దుప్పటి కప్పుకున్నాడు. ఆ మాటతో నాకు ఊపొచ్చింది. రాత్రి 12:40కి క్లాస్ గ్రూపులో పెట్టాను: "అందరికీ గమనిక. నోట్స్‌లో జవాబు తప్పు. కాంప్లెక్స్ విలువలు రాయండి."

"మరి 1, 3 రాస్తే మార్కులు పోతయా?" అని ఒకరు అడిగారు.

"మొత్తం పోతాయి" అన్నాను. ఎవరిచ్చారో నాకు ఆ అధికారం.

తెల్లారి ఆరింటికి సార్ మెసేజ్: "బాబూ, ప్రశ్నలోనే సిమెట్రిక్ మాత్రిక అని ఉంది. అందులో ఉన్నవి వాస్తవ సంఖ్యలైతే ఐగెన్ విలువలు కూడా వాస్తవ సంఖ్యలే వస్తాయి. ముందు ప్రశ్న చదువు."

చదివాను. సిమెట్రిక్ అంటే అటు 1 ఉంటే ఇటూ 1 ఉండాలి. మరి ఈ మైనస్ ఎక్కడిది? పేజీ తిప్పాను. అదే చోట ఇంకో మైనస్. ఆ తర్వాతి పేజీలో 'శూన్య సదిశ'లో సున్నాకు మీసం. ఇంకో పేజీలో ర్యాంకు మైనస్ 2. ర్యాంకు సున్నాకన్నా తగ్గదని తెలిసి కూడా, అంతకుముందు దాన్ని కంఠతా పట్టిన మనిషిని నేనే. చివరి ఖాళీ పేజీలో గీత ఒక్కటే ఒంటరిగా పడుకుని ఉంది.

ఎనిమిదింటికి షాపుకు పోయాను. "అద్దం మీద గీత పడ్డది తమ్మీ, నెలాయె" అన్నాడు ఆయన, నిమ్మళంగా. "ఆధార్ కార్డులకు ఏం ఫరక్ పడలే మరి." పేజీకి రెండు రూపాయల చొప్పున తీసుకున్న మనిషి! పైసలు వాపస్ అడిగితే, గీతకు వేరే పైసలు తీసుకోలే కదా అన్నాడు.

పరీక్షలో ఐగెన్ విలువల ప్రశ్న వచ్చింది. మాత్రికలో మైనస్ ఉంది. అది అచ్చా, అద్దం మీది గీతా? గోటితో మెల్లగా గీకాను. పోలేదు. వేలు తడిచేసి రుద్దాను. ఇన్విజిలేటర్ మేడం వచ్చి నా బెంచి దగ్గర ఆగారు.

"ఏం బాబూ, స్క్రాచ్ కార్డ్ అనుకున్నవా?"

అప్పటికే ఆ చోట కాగితానికి చిల్లు పడింది.