బెంగళూరుకు విమానంలో గంటేనా? ఆ లెక్కలో ఎగిరిపోయిన గంటలు

హైదరాబాద్–బెంగళూరు బుల్లెట్ రైలు మాట వచ్చినప్పుడల్లా వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతుంది: "విమానం గంటకు 800 కిలోమీటర్లు పోతుంది, రైలు 300. ఐదొందల కిలోమీటర్లకు కొత్త పట్టాలు దండగ. రేపు రైలుకూ ఎయిర్‌పోర్టు చెకింగే పెడతారు. పైగా టికెట్టూ ఎక్కువే."

ముందు ఆ 800 సంగతి. అది పైకెక్కాక అందుకునే వేగం. 10,000 అడుగుల కింద మామూలు పరిమితి 250 నాట్లు, అంటే సుమారు 460 కి.మీ. హైదరాబాద్–బెంగళూరు నేరుగా కొలిస్తే 500 కి.మీ. 800 చొప్పున 40 నిమిషాలు కూడా పట్టకూడదు. టైంటేబుల్లో మాత్రం గంటంబావు దాకా ఉంటుంది. రన్‌వే దాకా పాకడం, ఎక్కడం, దిగడం, మళ్లీ గేటుకు చేరడం అన్నీ అందులోనివే.

ఇక నేల మీది సమయం. కూకట్‌పల్లి నుంచి శంషాబాద్‌కు గంట వేసుకోండి. బ్యాగులిచ్చే కౌంటరు గంట ముందే మూసేస్తారు కాబట్టి గంటన్నర ముందు అక్కడుండాలి. దిగాక బెల్టు దగ్గర 20 నిమిషాలు, దేవనహళ్లి ఎయిర్‌పోర్టు నుంచి బెంగళూరు నడిబొడ్డున ఉన్న మెజెస్టిక్‌కు మరో గంట. మొత్తం ఐదు గంటలు. చేతిసంచీతో పోయేవాళ్లకు ముప్పావు గంట కలిసొస్తుంది, అంతే.

జపాన్‌లో టోక్యో–ఒసాకా పట్టాల దూరం 515 కి.మీ. వేగంగా వెళ్లే నొజోమి రైలుకు రెండు గంటల ఇరవై నిమిషాల పైచిలుకు పడుతుంది. తమాషా ఏమిటంటే ఈ దారిలో ఆ రైలు 300 అందుకోనే అందుకోదు. 1964 నాటి లైను, 2,500 మీటర్ల వ్యాసార్థపు మలుపులు. అక్కడ పెట్టె ఒక డిగ్రీ ఒరిగితేనే 270తో తిరగగలదు. గరిష్ఠం 285. అయినా ఆ దారిలో ఎక్కువమంది ఎక్కేది రైలే. రద్దీ వేళ గంటకు 12 నొజోమిల దాకా నడుస్తాయి, ఒక్కోదాంట్లో 1,300కు పైగా సీట్లు. తైవాన్‌లో 2007లో హైస్పీడ్ రైలు వచ్చింది. 2012కల్లా తైపే–కావోస్యుంగ్ విమానాలు ఆగిపోయాయి.

దీనికి జవాబుగా వందే భారత్‌ను లాక్కురావద్దు. కాచిగూడ–యశ్వంత్‌పూర్‌కు అది ఎనిమిది గంటలు దాటుతుంది. నడిచేది పాత లైను మీద.

చెకింగ్ భయానికి స్పెయిన్‌ను చూడండి. మాడ్రిడ్–బార్సిలోనా రైలుకు సామాను స్కాన్ చేస్తారు, అయినా ఎక్కడం ఆపేది బయల్దేరడానికి రెండు నిమిషాల ముందే. బ్యాగు అప్పగించే పని లేదు. విమానానికి ఒకటి రెండు తలుపులైతే, రైలుకు పొడవునా తలుపులే.

టికెట్ మాట చాలాచోట్ల నిజమే. టోక్యో–ఒసాకా రిజర్వుడు సీటు 14 వేల యెన్‌లు దాటుతుంది, చౌక విమానాలు అంతకన్నా తక్కువకే దొరుకుతాయి. ఎయిర్‌పోర్టు క్యాబ్ ఖర్చు మాత్రం కలపడం మరవొద్దు.

రైలు అభిమానులూ ఒకటి దాటేస్తారు. టోక్యో–ఫుకువోకా వెయ్యి కిలోమీటర్ల పైనే. రైలుకు దాదాపు ఐదు గంటలు. ఫుకువోకా ఎయిర్‌పోర్టేమో ఆ రైలు ఆగే హకాటా స్టేషన్‌కు మెట్రోలో ఐదారు నిమిషాల దూరం. అక్కడ జనం విమానమే ఎక్కుతారు.

అసలు చిక్కు స్టేషన్ ఎక్కడ పెడతారన్నదే. ఫ్రాన్స్‌లో ఓత్-పికార్డీ స్టేషన్‌ను పొలాల మధ్య కట్టి "బీట్‌రూట్ల స్టేషన్" అన్న వెక్కిరింపు తెచ్చుకున్నారు. హైదరాబాద్, బెంగళూరు స్టేషన్లు రెండూ ఊరికి 30 కి.మీ. అవతల పడితే, టోక్యో–ఒసాకా లెక్కన రెండున్నర గంటల రైలుకు రెండు గంటల క్యాబ్ తోడవుతుంది. అప్పుడు విమానం మీద మిగిలేది అరగంట.