విప్ ఉన్నది ఎవరి కోసం?

(సివిక్స్ చెప్పి రిటైరైన మామయ్య, వకీలు మేనల్లుడు. టీవీలో లోక్‌సభ ఓటింగ్ ఇప్పుడే ముగిసింది. ఏ పార్టీ సభ్యులు ఆ పార్టీ చెప్పినట్టే వేశారు. ఓటు ఎటు వేయాలో అలా పార్టీ ఇచ్చే ఆదేశమే విప్.)

మేనల్లుడు: 543 సీట్ల సభ మామయ్యా! పార్టీల లెక్క కూడితే ఫలితం నిన్నే తెలిసిపోయింది. ఇంతమంది ఢిల్లీ వెళ్లడం దేనికి?

మామయ్య: పదో వంతైనా లేకపోతే సభ నడవడానికి కావాల్సిన కోరం ఉండదు కదరా.

మేనల్లుడు: వెటకారం సరే. 1957లో ఫిరోజ్ గాంధీ ఏం చేశాడు? అధికార పార్టీ ఎంపీ, పైగా ప్రధానికి అల్లుడు. ఎల్ఐసీ డబ్బు కోటికి పైగా ముంద్రా అనే వ్యాపారి కంపెనీల్లో పెట్టడం మీద సభలోనే నిలదీశాడు. రెండు నెలల్లో ఆర్థికమంత్రి కృష్ణమాచారి రాజీనామా. 1985లో పదో షెడ్యూలు, అదే పార్టీ ఫిరాయింపుల నిషేధ చట్టం, వచ్చాక అలాంటివాళ్లకు చోటెక్కడ? చిన్న బిల్లుకైనా విప్ కాదని ఓటేస్తే సీటు గల్లంతు. విప్ అవిశ్వాసానికీ బడ్జెట్‌కీ ఉంటే చాలంటాను. మిగతావాటికి మనిషిని వదిలేయాలి.

మామయ్య: ఫిరోజ్ అడిగాడు. అడగడానికి ఇప్పుడు మాత్రం ఎవరు అడ్డు? విప్ ఓటుకేగా.

మేనల్లుడు: ...టికెట్ ఇచ్చేది పార్టీయే కదా.

మామయ్య: అది విప్ తప్పు కాదు. ఇంతకీ మొన్న నువ్వు బూత్‌లో చూసింది పేరా, గుర్తా?

మేనల్లుడు: గుర్తే.

మామయ్య: గుర్తు చూసి వేయించుకున్న ఓటుకు సొంత మనస్సాక్షి ఏమిటి? వదిలేస్తే 1967లో హర్యానాలో ఎమ్మెల్యే గయాలాల్ పార్టీలు మార్చినట్టే, రోజుకో కండువా.

మేనల్లుడు: ఇప్పుడు అమ్ముడుపోవడం లేదా? 1993లో పీవీ ప్రభుత్వం మీద అవిశ్వాసం వీగిపోవడానికి జార్ఖండ్ ముక్తి మోర్చా (జేఎంఎం) ఎంపీలు డబ్బు తీసుకోలేదూ? అప్పటికి చట్టానికి ఎనిమిదేళ్లు.

మామయ్య: 1999 ఏప్రిల్ 17 సంగతి చెప్పు. విశ్వాస తీర్మానానికి అనుకూలం 269, వ్యతిరేకం 270. ఒక్క ఓటుతో వాజపేయి పడిపోయాడు. ఒడిశా ముఖ్యమంత్రి అయ్యాక కూడా ఎంపీగా వచ్చి కాంగ్రెస్ నేత గొమాంగో వ్యతిరేకంగా ఓటేశాడు. స్పీకరు మన బాలయోగి, నీ విచక్షణకే వదిలేస్తున్నానన్నాడు. అదీ మనస్సాక్షి!

మేనల్లుడు: గొమాంగో కాదు, నేషనల్ కాన్ఫరెన్స్ ఎంపీ సోజ్. పార్టీ ప్రభుత్వం వైపు వేయమంటే ఎదురు వేశాడు.

మామయ్య: విప్ కాదన్నవాడు! నీ లెక్కలో కూడా సీటు పోవాల్సిందే.

మేనల్లుడు: పోవాలి, అది అవిశ్వాసం లాంటిదే. కానీ లెక్క చూడండి. సోజ్ మారకపోతే 270, 269. గొమాంగో రాకపోతే సమానం.

మామయ్య: సమానమైతే స్పీకరు ఓటు. బాలయోగిది తెలుగుదేశం. ఆయనకు విప్ ఎవరిస్తారు?

మేనల్లుడు: 2008లో సోమనాథ్ చటర్జీని స్పీకరు కుర్చీ దిగమంది ఆయన పార్టీ సీపీఎం. దిగలేదు. బహిష్కరించారు.

మామయ్య: సీటు పోయిందా?

మేనల్లుడు: లేదు.

మామయ్య: అయితే ఆ సభలో నువ్వు చెప్పే మనిషి ఒక్కడున్నాడన్నమాట. ఇంకొకడిని చూపించు.