మాట మార్చిన ప్రభుత్వం: కెయిర్న్ నుంచి జెర్రెల దాకా

బహుళజాతి కంపెనీకీ ప్రభుత్వానికీ గొడవ వస్తే మన చర్చ వెంటనే రెండుగా చీలిపోతుంది. కంపెనీలు దోచుకుంటాయని ఒక వర్గం, మన ప్రభుత్వాలను నమ్మి డబ్బు పెట్టలేమని ఇంకో వర్గం. నన్నడిగితే ముందు తేల్చాల్సింది వేరే: ప్రభుత్వం మాట మార్చింది ఎందుకు, ఎవరి కోసం?

కెయిర్న్ ఎనర్జీ సంగతే చూడండి. ఈ స్కాట్లాండ్ కంపెనీ మనకు కొత్తదేం కాదు. కోనసీమ తీరంలోని రవ్వ క్షేత్రం నుంచి చమురు తీసింది, తర్వాత రాజస్థాన్‌లో భారీ నిల్వలు కనుక్కుంది. 2006లో షేర్ మార్కెట్‌కు వెళ్లే ముందు తన భారత ఆస్తులను కెయిర్న్ ఇండియా కిందికి మార్చుకుంది. అప్పుడు పన్ను మాట ఎవరూ ఎత్తలేదు. విదేశంలో జరిగిన కంపెనీ అమ్మకంపై ఇక్కడ పన్ను అడిగిన వొడాఫోన్ కేసులో 2012 జనవరిలో సుప్రీంకోర్టులో ఓడిన కేంద్రం, కొన్ని నెలల్లోనే ఆదాయపు పన్ను చట్టాన్ని 1962 నుంచి వర్తించేలా సవరించింది. ఆ సవరణ పట్టుకుని 2006 నాటి లావాదేవీకి రూ.10,247 కోట్లు కట్టమన్నారు. వివాదం తేలకముందే కెయిర్న్ షేర్లు అమ్మేశారు, డివిడెండ్లు పట్టుకున్నారు.

బ్రిటన్‌తో 1994లో మనమే రాసుకున్న పెట్టుబడి ఒప్పందం కింద కంపెనీ ఆర్బిట్రేషన్‌కు, అంటే కోర్టు బయట మధ్యవర్తుల ముందుకు వెళ్లింది. 2020 డిసెంబరులో తీర్పు వచ్చింది: 120 కోట్ల డాలర్లు, పైన వడ్డీ, ఖర్చులు. ప్రభుత్వం దాన్ని సవాలు చేస్తే, కంపెనీ వసూలుకు దిగింది. అప్పటికి ప్రభుత్వ సంస్థే అయిన ఎయిరిండియా వేరు, ప్రభుత్వం వేరు కాదంటూ న్యూయార్క్‌లో దావా వేసింది. పారిస్‌లో మన ప్రభుత్వానికున్న ఇరవై దాకా ఆస్తులపై కోర్టు ఉత్తర్వు తెచ్చుకుంది. వాటి విలువ రెండు కోట్ల యూరోల పైచిలుకే. అసలు బాకీ ముందు అదెంత? కానీ పరువు పోయింది. 2021 ఆగస్టులో పార్లమెంటు ఆ పాత తేదీల పన్నును ఎత్తేసింది. దాదాపు రూ.7,900 కోట్లు తిరిగిచ్చారు, వడ్డీ లేకుండా. ఈ ఓటమిని సార్వభౌమత్వంపై దాడి అన్నవాళ్లతో నేను ఏకీభవించలేను. కోర్టులో ఓడాక చట్టాన్నే వెనక్కి జరపడం ఖజానా ఆశ, అంతకుమించి ఏమీ లేదు.

విశాఖ మన్యం కథ దీనికి పూర్తిగా వేరు. గిరిజనులకు రాజ్యాంగ రక్షణ ఉన్న షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు మైనింగ్ లీజులు కుదరవని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకని ప్రభుత్వ ఖనిజ సంస్థ ఏపీఎండీసీ అల్యూమినియం ముడిఖనిజమైన బాక్సైట్ తవ్వి కంపెనీకి సరఫరా చేసే ఏర్పాటుతో, 2007లో రాష్ట్ర ప్రభుత్వం యూఏఈలోని ఎమిరేట్ రస్ అల్ ఖైమాతో ఎంఓయూ (అవగాహన ఒప్పందం) కుదుర్చుకుంది. మాకవరపాలెం దగ్గర ఆ ఖనిజం కోసం అన్‌రాక్ ఫ్యాక్టరీ లేచింది, జెర్రెల కొండల నుంచి ఖనిజం మాత్రం రాలేదు. అటవీ భూమిని మైనింగ్‌కు మళ్లిస్తూ 2015లో జీవో 97 రాగానే మన్యం భగ్గుమంది. ఆ జీవోను పక్కన పెట్టారు, 2019లో రద్దు చేశారు. ఈలోగా 2016లోనే రస్ అల్ ఖైమా పెట్టుబడి సంస్థ యూఏఈతో ఉన్న పెట్టుబడి ఒప్పందం కింద భారతదేశం మీద దాదాపు నాలుగున్నర కోట్ల డాలర్లకు కేసు పెట్టింది. ఎంఓయూ హైదరాబాద్‌లో, నోటీసు ఢిల్లీకి. చింతపల్లి ఆదివాసీలకు ఆ వాదనలో కుర్చీ లేదు.

పెట్టుబడి ఒప్పందాల్లోని పాత భాషతో వచ్చిన ఇబ్బంది ఇదే. ఖజానా కోసం మాట మార్చినా, ఆదివాసీలు ఒప్పుకోనందుకు మార్చినా, ఇన్వెస్టర్ దావా మాత్రం ఒకటే: ఆశించింది దక్కలేదు, పరిహారం కట్టండి.

మరి ఢిల్లీ ఏం నేర్చుకుంది? 2016లో కొత్త నమూనా ఒప్పందం తెచ్చి, పాతవాటిని వరసగా రద్దు చేసింది. పన్నుల వివాదాలను పరిధి నుంచి తప్పించింది. కంపెనీ ముందు అయిదేళ్లు మన కోర్టుల్లోనే తిరగాలంది. ఇందులో ఒక వింత ఉంది. ఇలాంటి కేసుల్లో మనం మొదట ఓడింది 2011లో, ఆస్ట్రేలియా కంపెనీ వైట్ ఇండస్ట్రీస్ చేతిలో. కోల్ ఇండియాపై గెలిచిన ఆర్బిట్రేషన్ తీర్పు అమలు తొమ్మిదేళ్లయినా మన కోర్టుల్లో తేలకపోవడమే కారణం. యూఏఈతో 2024లో కుదిరిన కొత్త ఒప్పందంలో ఆ అయిదేళ్ల గడువును మూడుకు దించారు. గడువు ఎంతైనా, కొండ మీది ఊళ్లను అడగకుండా రాష్ట్రాలు విదేశీ సంస్థలకు ఖనిజం రాసిచ్చే పద్ధతి జోలికి మాత్రం ఇంకా ఎవరూ పోలేదు.