పిల్లలకు నేర్పే ముందు వాళ్లను కొట్టుకి పంపడం మానండి

మొన్న సంక్రాంతికి అమెరికా నుంచి శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళి దగ్గర మా ఊరెళ్లాను. ఊరికీ బడికీ మధ్య 16వ నంబరు జాతీయ రహదారి. పిల్లలు ఆడుకోవడానికి బడి మైదానానికి బయల్దేరితే నేనూ వెంట వెళ్లాను. మంచు ఇంకా విడలేదు. మా పాప అమెరికా అలవాటు కొద్దీ ముందు ఎడమవైపు చూసి అడుగు వేయబోయింది. లారీ కుడివైపు నుంచి వస్తోంది. తొమ్మిదేళ్ల మా మేనల్లుడు దాని జబ్బ పట్టి వెనక్కి లాగాడు. డివైడర్ దగ్గర మళ్లీ ఆపి, "ఇటు కూడా చూడాల, రాంగులో బళ్లొస్తాయి" అన్నాడు.

బడి గోడ మీద 'ఇరువైపులా చూసి రోడ్డు దాటుము' అని రాసి ఉంది. రాంగులో వచ్చే బళ్ల సంగతి అందులో లేదు. వాడికది ఎలా తెలిసిందో అడగడానికి నాకు నోరు రాలేదు.

మైదానంలో ఒక లెక్క చేయించాను. ఒక వైపు రెండు వరసలూ కలిపి ఏడు మీటర్లనుకుంటే, వాడు నడిచి దాటడానికి ఏడు సెకన్లు పట్టింది. గంటకు 80 కిలోమీటర్ల మీద వచ్చే లారీ సెకనుకు 22 మీటర్లు వస్తుంది, ఆ ఏడు సెకన్లలో 150 మీటర్లు దాటేస్తుంది. ఆ దూరం అడుగులతో కొలవమన్నాను. మైదానం చాలలేదు. వాడు గోడ దగ్గర ఆగి వెనక్కి తిరిగి, "ఇంత దూరంలో ఉన్నా గుద్దేస్తదా మావయ్యా?" అన్నాడు. మూడో తరగతి పిల్లలకు ఇంతకు మించిన పాఠం నాకు తోచదు. దీనికి ప్రొజెక్టరు అక్కర్లేదు, వెంట నడిచే పెద్దమనిషి ఒకరుంటే చాలు.

ఆ సాయంత్రమే మా అమ్మ వాడి చేతిలో డబ్బులు పెట్టి చుట్టలకు పంపింది. అమ్మది అడ్డపొగ, నిప్పు నోట్లో పెట్టుకుని కాలుస్తుంది. ఆ పొగకు అంగిలి మీద క్యాన్సర్ వస్తుందని డాక్టర్లు మన జిల్లా ఆడవాళ్లకు చెబుతూనే ఉన్నారు. పద్దెనిమిది నిండనివాళ్లకు పొగాకు అమ్మకూడదని 2003 చట్టం. కొట్టువాడికి తెలీదా? తెలుసు. "మామ్మకి" అనగానే ఇచ్చేస్తాడు.

భోగినాడు డాబా మీద గ్లాసులూ మంచినీళ్లూ అందించింది కూడా వాడే. ఆ మందు సీసా నేను డ్యూటీ ఫ్రీలో కొని తెచ్చిందే. గంజాయి జోలికి పోవద్దని రేపు హైస్కూల్లో పోలీసులు వచ్చి చెబుతారు, చెప్పాలి కూడా. కానీ మత్తంటే పండగ అని వాడికి అప్పటికే మనం నేర్పేసి ఉంటాం.

అమెరికాలో ఉన్న మనవాళ్ల సంఘం ఏటా బడులకు విరాళాలిస్తోంది, సంతోషం. దాంతోపాటు ఒక నియమం పెట్టుకుందాం: మనం పంపిన డబ్బుతో కొన్న బండి లైసెన్సు లేని పిల్లాడి చేతికి వెళ్లకూడదు. 2019 సవరణ ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రికో బండి యజమానికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. నాలుగేళ్లు దాటిన పిల్లకు హెల్మెట్ ఉండాలన్నదీ చట్టమే. ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని గుడికి తీసుకెళ్లేటప్పుడు అది ఎవరికి గుర్తుంటోంది?

పోయిన వారం మా చెల్లి ఫోన్ చేసింది. చుట్టలకు వెళ్లమంటే వాడు "నానెల్నే మామ్మా" అన్నాడట. అమ్మ రెండు రోజులు అలిగి, మూడో రోజు తనే చెప్పులేసుకుని కొట్టుకి వెళ్లిందట. రోడ్డు మాత్రం వాడే దాటించాడట.