ఎర్త్ రాగం, ఏక తాళం

వయొలిన్ మీద కమాను జారితే ముందు వరసలో వాళ్లకి తెలిసిపోతుంది. ఎలక్ట్రానిక్ సంగీతంలో ఆ సౌకర్యం లేదు. బుయ్యిమన్నది రాగమో, వైరు లూజో వాయించేవాడే చెప్పాలి.

మా మేనల్లుడు జీతంలో సగం సింథసైజర్లకే, అంటే కరెంటుతో స్వరాలు పుట్టించే వాద్యాలకే పోస్తాడు. కేఫ్‌లో తన కచేరీ రికార్డింగ్ దగ్గరికొచ్చేసరికి పరమ పిసినారి. "ఫోన్ పెట్టేస్తే సరిపోతుంది మామయ్యా" అన్నాడు. ఫోన్ మైకు మాటల కోసం పుట్టింది. డ్రమ్ము ధన్‌మన్నప్పుడల్లా బెదిరిపోయి మొత్తం శబ్దాన్ని నొక్కేస్తుంది, మళ్లీ మెల్లగా వదులుతుంది. వింటే ఎవరో తలుపు తీస్తూ వేస్తూ ఉన్నట్టుంటుంది.

చివరికి స్నేహితుడి దగ్గర పాత చేతి రికార్డర్ అరువు తెచ్చాడు. కోఠి గుజరాతీ గల్లీలో బేరమాడి ఒక ఆర్సీఏ కేబుల్ (శబ్దాన్ని ఒక పరికరం నుంచి ఇంకోదానికి మోసే వైరు) కొన్నాం. ఒక కొస, శబ్దాలన్నీ కలిపే మిక్సర్ రికార్డ్ అవుట్‌లో, రెండోది రికార్డర్ లైన్ ఇన్‌లో. ఖర్చు అంతే. కొత్త రికార్డర్లలో 32 బిట్ ఫ్లోట్ అనే రికార్డింగ్ పద్ధతి వచ్చింది కాబట్టి లెవెల్ కాస్త పెరిగినా తర్వాత దించుకోవచ్చు. దీనిది 24 బిట్, ఆ వెసులుబాటు లేదు. మీటరు సున్నా తాకితే శబ్దం నెత్తి తెగినట్టే. మైనస్ 12 డెసిబెల్స్ దాటనివ్వద్దన్నాను. కార్డుకి భయం లేదు, గంటకి సుమారు ఒక జీబీ.

మిక్సర్ నుంచి తీసిన శబ్దంలో జనం ఉండరు, అంతా పొడిపొడిగా ఉంటుంది. అందుకని ఫోన్ కూడా ఆన్ చేసి బావగారి టేబుల్ మీద పెట్టాడు. రెండు రికార్డింగులూ తర్వాత కలపడానికి గుర్తుగా స్టేజీ మైకు ముందు ఒక్క చప్పట్టు కొడతానన్నాడు. ఇంతవరకూ శాస్త్రప్రకారమే.

కేఫ్‌లో స్పీకర్లు ఆన్ చేయగానే "మ్‌మ్‌మ్" అని హోరు. లాప్‌టాప్ చార్జర్ ఒక గోడకి, మిక్సర్ ఎదుటి గోడకి. గ్రౌండ్ లూపు, అంటే రెండు చోట్ల ఎర్త్‌కి తగిలిన వైర్లు ఒక చుట్టుగా ఏర్పడి, మన కరెంటు 50 హెర్ట్జ్ స్వయంగా పాడుతోంది. కేఫ్ కుర్రాడు "ఎర్త్ పిన్ను విరిచేద్దాం సార్" అన్నాడు. హోరు పోతుంది, దాంతోపాటు మనిషీ పోవచ్చు. వాణ్ణి బయటికి పంపించాం. మేనల్లుడు టేబుల్ కింద దూరి వైర్లు వెతుకుతుంటే, జనం కళ్లు మూసుకుని వింటున్నారు. ఒకాయన తల కూడా ఊపుతున్నాడు.

చివరికి రెండు ప్లగ్గులూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టాడు. హోరు ఆగింది. లేచి నిలబడి, గుర్తు కోసం చప్పట్టు కొట్టాడు.

హాలంతా చప్పట్లు కొట్టింది. బావగారు లేచి, "చిన్నదైనా బాగుందిరా! పదండి, భోజనాలు" అన్నారు. సగం మంది ఆయన వెంట నడిచారు. అసలు కచేరీ మిగిలిన సగం మందికి, ప్లేట్ల చప్పుడు మధ్య జరిగింది.

ఇంటికొచ్చాక అన్ని చప్పట్లలో వాడిది ఏదో పోల్చుకోలేక తెల్లార్లూ హెడ్‌ఫోన్స్‌తో కూర్చున్నాడు. పైగా రెండు పరికరాల గడియారాలూ ఒకే వేగంతో నడవవు. మొదట్లో కలిపినా చివరికి విడిపోతాయి.

మొత్తం విన్నది మా అక్కయ్య ఒక్కతే.

"ఆ మొదటి ముక్క ఓంకారంలా ఉందిరా. గంటసేపు వచ్చేలా చేసిపెట్టు, పూజప్పుడు పెట్టుకుంటాను."

"అమ్మా, అది పాట కాదు. ఎర్తింగ్ ప్రాబ్లమ్."

"ఏదైతేనేం, తర్వాత వాయించినదానికంటే నయంగా ఉంది."